ఆ మార్కులు పంపను

చేతిలో మంచి మార్కులు ఉంచుకుని తక్కువ మార్కులు పంపే పిల్లని ఎక్కడైనా చూశారా? మన అద్దాలమ్మ చూసింది, అదీ సొంత ఇంట్లో. పోయినవారం మనం ఆవిణ్ణి వదిలిన చోటు గుర్తుండే ఉంటుంది. కళ్ళ క్లినిక్‌లో చీకటి గది, ముక్కు మీద బరువైన ఇనప చట్రంతో ఎదురుగా ఓ పెద్దాయన, ఆవిడ చేతిలో ఫోను, ఆ ఫోనులో ఓ సందేశం. ‘మీ అమ్మాయి మూడోసారి రాసిన పరీక్ష మార్కుల్ని ఎంచుకుంది. మీ ఆమోదం ఈ సాయంత్రం ఆరు గంటల్లోపు కావాలి.’

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం ఆ పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. కాలేజీల్లో చేరాలనుకునే పిల్లలంతా రాసే పరీక్ష అది. ఓపిక ఉంటే ఎన్నిసార్లయినా రాయొచ్చు. రాసినవన్నీ కాలేజీ చూడదు, మనం ఏది పంపితే అదే చూస్తుంది. ఈ వెసులుబాటు ఎవరు కనిపెట్టారో గానీ ఇళ్ళల్లో గొడవలు పెట్టడానికే కనిపెట్టినట్టుంది. అద్దాలమ్మ కూతురు, ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలిచే పిల్ల, మూడుసార్లు రాసింది. మొదటిసారి పదహారు వందలకు పదమూడు వందల చిల్లర. రెండోసారి పద్నాలుగు వందల తొంభై. మూడోసారి మళ్ళీ జారి పదమూడు వందల ఎనభై. పిడుగు కోరుకున్న కాలేజీ పద్నాలుగు వందల యాభై దాటినవాళ్ళకు ఫీజు లేకుండా సీటిస్తుంది. దాటనివాళ్ళకూ ఇస్తుంది గానీ ఆ ఫీజు వీళ్ళ తాహతుకు మించింది. రెండోది పంపితే కాలేజీ ఉంది, మూడోది పంపితే లేదు. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవాల్సింది ఏమీ లేదు.

ఏది పంపాలో ఎంచుకునేది పిల్ల. ఆ పిల్లకింకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి సరేనని నొక్కాల్సింది తల్లి. ఒకరు లేకుండా ఇంకొకరు ఒక్కడుగు వెయ్యలేరు.

సందేశం చదివాక కూడా అద్దాలమ్మ పని ఆపలేదు. ‘మొదటిది బాగుందా, రెండోది బాగుందా?’ అని రోజంతా మనుషుల్ని అడగడమే ఆవిడ ఉద్యోగం. అందుకే వీధిలో చిన్నా పెద్దా ఆవిణ్ణి అద్దాలమ్మ అనే పిలుస్తారు. చట్రంలోంచి ఒక అద్దం తీసి ఇంకోటి పెట్టింది.

“రెండూ ఒక్కలాగే ఉన్నాయి తల్లీ. నీకేది నచ్చితే అది రాసెయ్,” అన్నాడు పెద్దాయన.

“చూసేది మీరు కదండీ. మీరే చెప్పాలి.”

మామూలు రోజైతే ఆ మాట దాని దారిన అది పోయేది. ఇవాళ మాత్రం అన్నాక ఆవిడకే ఎలాగో అనిపించింది. అయినా మళ్ళీ మొదటినుంచీ అద్దాలు మార్చి మార్చి పెట్టింది. ఇంటి కోపం రోగుల మీద చూపకూడదని ఆవిడ నియమం. ఆ నియమం పాటించీ పాటించీ సాయంత్రానికి ఒంట్లో ఉన్న ఓపికంతా అక్కడే హరించుకుపోతుంది, ఇంటికి తీసుకెళ్ళడానికి ఏమీ మిగలదు.

శనివారం క్లినిక్ ఒంటిపూటే గానీ ఆఖరి రోగిని పంపేసరికి నాలుగైంది. ఆవిడ ఇంటికొచ్చేసరికి బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యడం లేదు. ఊళ్ళో సగం లిఫ్టులు బాగుచేసేది ఆవిడ మొగుడే. సొంత బిల్డింగులో లిఫ్టు ఆగి వారమైంది గానీ దాని కాంట్రాక్టు వేరే కంపెనీదట, ముట్టుకోకూడదట. ‘దేవుడు నాకు మొగుణ్ణిచ్చి లిఫ్టు ఇవ్వలేదు’ అని గొణుక్కుంటూ మూడంతస్తులూ ఎక్కింది. తలుపు తెరిచి, చెప్పులు విప్పే ఓపిక కూడా లేక, గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

పిడుగు హాల్లో నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అడక్కుండా ఆ పిల్ల బట్టలు మడత పెడుతోందంటేనే ఏదో మూడిందని అర్థం. వెనక కిటికీ గట్టు మీద వరసగా రాళ్ళు, ఎర్రవీ నల్లవీ చారలవీ. చిన్నప్పటినుంచీ ఎక్కడికెళ్ళినా ఓ రాయి జేబులో వేసుకొచ్చే పిల్ల, ఇప్పుడు చదవాలనుకుంటున్నదీ రాళ్ళ చదువే.

“అన్నం తిన్నావా?” అంది అద్దాలమ్మ.

“తిన్నాను.”

“ఏం తిన్నావు?”

“అమ్మా, నువ్వు అడగాలనుకున్నది అది కాదు.”

“అయితే చెప్పు. రెండోది బంగారంలా ఉండగా ఆ మూడోది ఎందుకు పట్టుకున్నావే?”

“అది నాది కాబట్టి.”

“మరి రెండోది ఎవరిది, పక్కింటివాళ్ళదా?”

పిడుగు నవ్వలేదు. తువ్వాలు మడత సరిగా కుదరకపోతే విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. “నువ్వు నొక్కవని తెలుసు. అయినా నేను మార్చను,” అంది, తల ఎత్తకుండానే.

అద్దాలమ్మకు ఒళ్ళు మండింది. మండినా గొంతు లేవలేదు, లేపడానికి శక్తి కావాలి కదా. గత రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పరీక్ష తప్ప ఇంకో మాట లేదు. టీవీ పెట్టాలంటే పరీక్ష, చుట్టాలొస్తామంటే పరీక్ష, ఆయనకు దగ్గొస్తే బాల్కనీలోకి పోయి దగ్గడం కూడా పరీక్ష కోసమే. ఇంతా చేసి ఒడ్డుకొచ్చాక పడవ మునుగుతానంటే ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది?

ఇంతలో ఫోను మోగింది. ఆయనే.

“ఏమైంది, తేలిందా?” వెనక ఇనుము మీద ఏదో కొడుతున్న చప్పుడు.

“ఎక్కడండీ! మీరైనా చెప్పండి దీనికి.”

“నేను లిఫ్టు నెత్తి మీద కూర్చుని ఉన్నానే. లోపల ఇద్దరు ఇరుక్కున్నారు, ఒకటే అరుపులు. మీరిద్దరూ కూర్చుని నిదానంగా...”

ఇరుక్కున్నది ఇక్కడా ఇద్దరమేనని చెబుదామనుకుంది అద్దాలమ్మ. ఈలోగా లైను తెగిపోయింది.

ఫోను పక్కన పెట్టి ఆవిడ చెప్పులు విప్పింది. పిల్ల ఎదురుగా నేల మీదే కూర్చుని తానూ ఓ చొక్కా అందుకుంది. మడత పెడుతుంటే ఆవిడ బుర్రలో అన్ని అనుమానాలూ తిరిగాయి. ఎవరైనా స్నేహితురాలు ఆ కాలేజీకి రాలేకపోతోందా? ఇల్లు వదలాలంటే భయమేస్తోందా? ఇవేవీ కాకపోతే మిగిలింది ఒక్కటే. అది అడగడానికి నోరు రాక ఇంకో రెండు చొక్కాలు మడత పెట్టి, అప్పుడు అడిగింది.

“నిజం చెప్పు. ఆ రెండోసారి చూసి రాశావా?”

పిడుగు నవ్వింది. ఆ వయసు పిల్ల నవ్వాల్సిన నవ్వు కాదది. “మోసం జరిగిందమ్మా. చేసింది నేను కాదు.”

“మరెవరు?”

“అమ్మమ్మ ఎప్పుడు పోయింది?”

అద్దాలమ్మ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. “అదేం ప్రశ్నే? నీ రెండో పరీక్ష రోజున.”

“రోజు కాదు. ఏ పూట?”

“మధ్యాహ్నం.” ఎన్ని నెలలుగా ఎంతమందికి చెప్పిందో, ఆ మాట దానంతటదే వచ్చేసింది.

“ఇంకోసారి చెప్పు.”

ఈసారి రాలేదు. పిడుగు బట్టల కుప్ప పక్కకు తోసి, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది.

“నా కళ్ళజోడు స్క్రూ వదులైందని మీ క్లినిక్‌కి వచ్చాను గుర్తుందా, నువ్వు లోపల ఎవరినో చూస్తున్నావు. రిసెప్షన్‌లో అక్క లేదూ, ఆ అక్క నా చెయ్యి పట్టుకుని, ‘పాపం, ఆ రోజు ఇంకా తెల్లారకుండానే మీ అమ్మగారు ఫోన్ చేశారు. మా అమ్మ పోయింది, ఇవాళ డ్యూటీకి రాలేను అన్నారు’ అంది. తెల్లారకుండానే అమ్మా. నేను పరీక్షకు వెళ్ళింది తెల్లారాక.”

చూశారా అద్దాలమ్మ చేసిన పని! ఆసుపత్రిలో మొగుడి నోరు కట్టేసింది, పక్కింటివాళ్ళ నోరు కట్టేసింది, చుట్టాల్లో ఒక్కరికీ పొక్కనివ్వలేదు. సెలవు అడిగేచోట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సెలవు కోసం ఒక్క అబద్ధమూ ఆడని మనిషి, ఆ రోజూ ఆడలేకపోయింది. అన్ని తలుపులూ మూసి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచినట్టయింది.

“అందుకేనా మూడోసారి రాస్తానని పట్టుపట్టావు?”

“ఊఁ. ఇంకా బాగా రాస్తానని మీకు చెప్పాను. నాకు బాగా రాయాలని కాదు. నాదంటూ ఒకటి ఉండాలనుకున్నాను. అది కాస్తా ఇలా తగలడింది.”

అద్దాలమ్మ ఇక దాచలేదు. దాచడానికి ఏం మిగిలిందని? ఆసుపత్రి బల్ల మీద ఆ రాత్రంతా కూర్చున్న సంగతి, నర్సు వచ్చి భుజం తట్టిన సంగతి, లోపలికి వెళ్ళేసరికి అంతా అయిపోయిన సంగతి చెప్పింది. ఆయన్ని అక్కడ ఉంచి తాను ఇంటికొచ్చింది. మొహం కడుక్కుంది. పిల్లని లేపింది, జడ వేసింది, నీళ్ళ సీసా నింపింది, పరీక్ష హాలు దాకా వెంట వెళ్ళింది.

“నీకు చెప్పి ఉంటే వెళ్ళేదానివా?”

“వెళ్ళేదాన్ని కాదు.”

“మరి! అంత కష్టపడి చదివి ఆ పరీక్ష పోతే?”

“మళ్ళీ రాసేదాన్ని. ఎన్నిసార్లయినా రాయొచ్చమ్మా ఆ దిక్కుమాలిన పరీక్ష. అందరికంటే నీకే బాగా తెలుసు.”

నిజమే. ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఆ తెల్లవారుజామున ఈ చిన్న సంగతి అద్దాలమ్మ బుర్రకెందుకు తట్టలేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు. రెండేళ్ళుగా ఆ పరీక్ష తప్ప ఇంకేదీ చూడని కళ్ళకు, తల్లి చచ్చిపోయి ఎదురుగా పడుకున్నా పరీక్షే కనిపించింది. ఇది తలుచుకుంటే ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“కోపం చెప్పలేదని కాదమ్మా,” అంది పిడుగు. “చెప్పలేదంటే, సరే, భయపడ్డావు అనుకుంటాను. మధ్యలో మాకు విరామం ఇచ్చారు. గుర్తుందా?”

ఆవిడకు గుర్తుంది. అందుకే తల వంచుకుంది.

“మొదటి సగం ఏమీ బాగా రాయలేదు నేను. ఆసుపత్రిలో ఉన్న అమ్మమ్మ మీదే బెంగ. బయట ఆవరణలోకి వస్తే గేటు అవతల నువ్వు నిలబడి ఉన్నావు. మాట్లాడనివ్వరు కదా, దూరంనుంచే అమ్మమ్మ ఎలా ఉందని చేత్తో అడిగాను. నువ్వు ఏం చేశావు?”

“వద్దే.”

“చెంప కింద చెయ్యి పెట్టుకుని తల వాల్చి చూపించావు. పడుకుందీ, హాయిగా పడుకుందీ అని. నవ్వావు కూడా. అంత బాగా ఎప్పుడూ నవ్వవు నువ్వు. ఆ నవ్వు చూసి నా ప్రాణం లేచొచ్చింది. లోపలికెళ్ళి రెండో సగం ఎలా రాశానో తెలుసా? చెయ్యి ఆగలేదు. ఆ మార్కులన్నీ ఆ నవ్వుకి వచ్చినవే. అవి చూసి ఎవరో నన్ను తెలివైనదాన్ని అనుకుని సీటిస్తారు. నేను అక్కడికెళ్ళి చదువుకోవాలి. ఎలా వెళ్ళనమ్మా?”

పిల్ల ఏడవలేదు. ఏడ్చింది అద్దాలమ్మ. చప్పుడు లేకుండా, మడత పెట్టిన చొక్కానే మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తల్లి పోయినప్పుడు ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆ తర్వాత వచ్చేపోయేవాళ్ళకు టీలు కాచడంతో సరిపోయింది. క్లినిక్‌లో ఏడుస్తూ ఎదుటివాళ్ళ కళ్ళు చూడలేం. అలా వాయిదా పడుతూ వచ్చినదంతా ఇవాళ హాలు మధ్యలో, ఉతికిన బట్టల మధ్య, ఒక్కసారిగా మీద పడింది. పిడుగు చూస్తూ కూర్చుంది. దగ్గరికి జరగాలా వద్దా అని ఆ పిల్లకూ తెలియలేదు.

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని ఫోను అందుకుంది. “సరే. నీ మాటే కానీ. మూడోదే పంపు, నేను సరేనని నొక్కేస్తాను. ఫీజు తక్కువ ఉన్నది ఇంకేదైనా చూసుకుందాం.”

మామూలుగా అయితే పిల్ల గంతెయ్యాలి. గెలిచింది కదా. పిడుగు చెయ్యి చాచి తల్లి మణికట్టు పట్టుకుంది.

“ఆగు.”

“మళ్ళీ ఏంటే?”

“నాకు ఆ కాలేజీ కావాలి.” ఇప్పుడు ఏడుపొచ్చింది పిల్లకి. ముక్కు ఎగబీలుస్తూ, చిన్నప్పుడు రాళ్ళ సంచీ పారేస్తానంటే ఏడ్చినట్టే ఏడ్చింది. “చచ్చేంత కావాలి అమ్మా. అలాంటి రాళ్ళ చదువు ఇంకెక్కడా లేదు. నేను ఎన్నోసార్లు రెండోది పెట్టాను, మళ్ళీ తీసేశాను. పెడితే నువ్వు గేటు దగ్గర కనిపిస్తున్నావు.”

“మరి నన్నేం చెయ్యమంటావే తల్లీ? అయిపోయినదాన్ని వెనక్కి తేలేను కదా.”

“ఆ అబద్ధం తీసెయ్. ఇంకా నడుస్తూనే ఉంది కదా అది. అమ్మమ్మ మధ్యాహ్నం పోయిందనే అందరూ అనుకుంటున్నారు. పెద్దమ్మ కూడా. ఆవిడకి కూడా తల్లే కదమ్మా! ఒక్క పెద్దమ్మకి నిజం చెప్పు. నా పరీక్ష కోసం ఇలా చేశానే అని చెప్పు. తిడితే తిడుతుంది. అప్పుడు ఆ మార్కుల వెనక దాచిపెట్టిందేమీ ఉండదు. పంపేస్తాను. ఇప్పుడే, నీ ముందే రెండోది పెడతాను.”

పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? న్యాయంగా ఉంది, తేలిగ్గా కూడా ఉంది. పెద్దమ్మకి ఫోను చేసి నాలుగు తిట్లు తింటే కూతురి చదువు దక్కుతుంది. ఏ తల్లయినా సంతోషంగా తింటుంది. అద్దాలమ్మ మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

ఎందుకంటే పిడుగుకు తెలియనిది ఇంకొకటుంది. ఆయనకూ తెలియదు. ఆ పొద్దున పిల్లని లోపలికి పంపి, గేటు ఎదురుగా పేవ్‌మెంటు అంచున కూర్చున్న కాసేపటికి అద్దాలమ్మ ఫోను మోగింది. వేరే ఊళ్ళో ఉన్న అక్క. ఆ అక్కకూ తల్లికీ రెండేళ్ళుగా మాటల్లేవు. ముసలావిణ్ణి ఎవరి దగ్గర ఉంచుకోవాలన్న దగ్గర మొదలైన గొడవలో అక్క నోరు జారింది. ‘నువ్వు ఎప్పుడు పోతావా అని చూస్తున్నాం’ అనేసింది. అన్నాక ఆ గడప తొక్కడానికి మొహం చెల్లలేదు. తల్లికి బాగాలేదని తెలిసిన దగ్గరనుంచీ ఒకటే కుమిలిపోతోంది. ఆ పొద్దున ఫోను చేసి, ‘మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతున్నానే. నేనొచ్చేదాకా ఉంటుందో లేదో. ఒక్కసారి ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టవే, నీకు దండం పెడతాను’ అని బతిమాలింది.

అద్దాలమ్మ ‘అమ్మ పోయిందక్కా’ అనలేకపోయింది. అక్క సంగతి తెలుసు. ఒక్క కేక పెడితే ఆ కేక చుట్టాలందరినీ దాటి, విరామం ఇచ్చే లోపల ఈ గేటు దాకా వచ్చేస్తుంది. ‘పడుకుంది, తర్వాత మాట్లాడు’ అని తప్పించుకోవచ్చు. రాత్రంతా నిద్రలేని బుర్రకు అదీ తోచలేదు. ‘పెట్టానక్కా, మాట్లాడు’ అంది.

అక్క మాట్లాడింది. పేవ్‌మెంటు మీద కూర్చుని, పక్కన పిల్లల తల్లిదండ్రులు కబుర్లు చెప్పుకుంటూ ఉంటే, తల్లి వినాల్సిన మాటలన్నీ అద్దాలమ్మ వింది. ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా అంది అక్క. నీ మీద కోపం కాదు, నా చేతకానితనం అంది. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను భుజానేసుకుని తిరిగినదానివి, నిన్ను నాలుగు నెలలు ఉంచుకోలేకపోయాను అంది. ఆఖర్న ‘అమ్మకి వినబడిందంటావా? ఏమైనా కదిలిందా?’ అని అడిగింది.

‘కళ్ళు తెరిచింది అక్కా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి’ అంది అద్దాలమ్మ. అవసరం లేని అబద్ధం అది. ఎందుకు ఆడిందో ఆవిడకే తెలియదు. జాలేసింది, అంతే.

“ఏం మాట్లాడవేంటి?” అంది పిడుగు. “అయిదు దాటింది చూడు.”

“వేరే ఏదైనా అడుగు. దేనికైనా సరే అంటాను. ఇది వద్దు.”

“ఎందుకు?”

“మీ పెద్దమ్మ తట్టుకోలేదు.”

“నేను తట్టుకోలేదా? నీకు తెలిసిందొక్కటేనమ్మా, ఎదుటివాళ్ళు తట్టుకోలేరని నువ్వే అనేసుకుని వాళ్ళకి చెప్పకపోవడం. నాకూ అలాగే చేశావు.” పిల్ల తన ఫోను తీసింది. “నువ్వు చెయ్యలేకపోతే నేను కలిపిస్తాను.”

“పిడుగూ, నా మాట విను. ఒక్క నిమిషం...”

అప్పటికే ఫోను మోగుతోంది. పిల్ల దాన్ని స్పీకర్లో పెట్టి ఇద్దరి మధ్యా బట్టల మీద ఉంచింది. లాక్కుని కట్ చేద్దామని అద్దాలమ్మకు అనిపించింది గానీ చెయ్యి లేవలేదు. ఎన్నాళ్ళు మోస్తుంది? ఒక్కోసారి పట్టుబడితేనే నయమనిపిస్తుంది మనిషికి.

“ఏమే పిడుగూ! పంపేశావా మార్కులు?” పెద్దమ్మ గొంతు ఉత్సాహంగా ఉంది. “పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నాను, ఒక్కరూ ఫోను చెయ్యరేం?”

“ఇంకా లేదు పెద్దమ్మా. అమ్మ నీతో ఏదో చెప్పాలంటోంది.”

“ఇవ్వు, ఇవ్వు. ఏమే, ఏంటి సంగతి?”

అద్దాలమ్మ గొంతు సవరించుకుంది. కూతురు తన వంకే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, గంపెడాశ ఉంది. రెండోసారి మార్కుల పక్కన టిక్కు పెట్టడానికి వేలు సిద్ధంగా ఉంచుకుంది.

“అక్కా.”

“గొంతు అలా ఉందేంటే? ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉందక్కా. అమ్మ పోయిన రోజు సంగతి ఒకటి... ఆ రోజు పొద్దున నువ్వు ఫోన్లో అమ్మతో మాట్లాడావు చూడు...”

“అయ్యో, మర్చిపోతానా?” అక్క గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. “అది తలుచుకునే కదే ఈ మాత్రం తింటున్నాను, పడుకుంటున్నాను. నా మాట విని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుందని నువ్వు చెప్పకపోయి ఉంటే నేను ఏమైపోయేదాన్నో. నన్ను క్షమించి పోయిందే అమ్మ. అదొక్కటి చాలు నాకు.”

పిడుగు తలెత్తింది. ఆ పొద్దున అమ్మ ఎక్కడుందో ఆ పిల్లకు తెలుసు. గేటు దగ్గరుంది. అమ్మమ్మ ఎలా ఉందో కూడా ఇప్పుడు తెలుసు. మరి పెద్దమ్మ మాట విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నదెవరు? తల్లి మొహంలోకి చూస్తూ లెక్క కట్టుకుంది. లెక్క తేలగానే ఆ చిన్న మొహం పాలిపోయింది. ఫోను వైపు వేలు చూపించి, వద్దు, వద్దు అని తల అడ్డంగా ఊపసాగింది.

“ఏమే, లైన్లో ఉన్నావా?” అంది అక్క. “ఆ రోజు ఇంకేమైనా అందా అమ్మ? చెప్పవే.”